సంతకం లేని తీర్పు

'డెత్ నోట్' జపాన్ మాంగా, అంటే బొమ్మల్లో నడిచే సీరియల్ నవల. 2003 డిసెంబరు నుంచి 2006 మే వరకు షూయీషా సంస్థ పత్రిక 'వీక్లీ షోనెన్ జంప్'లో 108 అధ్యాయాలుగా వచ్చి, తర్వాత 12 సంపుటాలైంది. కథ ఓబా త్సుగుమిది, బొమ్మలు ఒబాతా తకేషీవి. అరాకి తెత్సురో దర్శకత్వంలో మ్యాడ్‌హౌస్ స్టూడియో దీన్ని 37 భాగాల యానిమేగా తీసింది. అది 2006 అక్టోబరు నుంచి 2007 జూన్ వరకు నిప్పన్ టీవీలో వచ్చింది.

ర్యూక్ అనే షినిగామి, అంటే మృత్యుదేవత, తన లోకంలో పొద్దుపోక ఒక నల్ల నోటుపుస్తకాన్ని భూమ్మీద పడేస్తాడు. అది యగామి లైట్ అనే కుర్రాడికి దొరుకుతుంది. పోలీసు అధికారి కొడుకు, చదువులో దేశంలోనే మేటి. ముఖం తెలిసిన మనిషి పేరు అందులో రాస్తే ఆ మనిషి చనిపోతాడు. చావు ఎలా రావాలో 40 సెకన్లలోపు రాస్తే అలాగే వస్తుంది, రాయకపోతే గుండెపోటు. తక్కిన వివరాలు రాసుకోవడానికి మరో 6 నిమిషాల 40 సెకన్ల గడువు. లైట్ ముందుగా టీవీలో కనబడే నేరస్థుల పేర్లు రాస్తాడు. జనం ఈ కనబడని హంతకుడికి 'కిరా' అని పేరు పెడతారు. 'కిల్లర్' అన్న ఇంగ్లిష్ మాట జపనీయుల నోట్లో అలా పలుకుతుంది. కిరాను పట్టుకోవడానికి, అసలు పేరు ఎవరికీ తెలియని 'ఎల్' అనే డిటెక్టివ్ దిగుతాడు.

ఇలాంటి కథను మెచ్చుకోవచ్చా అన్నది ఇక్కడి వాదం. వాదించుకునేది భద్రాచలంలో ఒక మేనమామ, ఒక మేనకోడలు. ఆయన సెషన్సు కోర్టులో బెంచి క్లర్కుగా రిటైరై గోదావరి కరకట్టకు దగ్గర్లో ఉంటారు. ఆమె కొత్తగూడెంలో ఇంజినీరింగ్ చదువుతూ సెలవులకు వస్తుంది. తగువు పుస్తకం పట్టుకోవడం దగ్గరే మొదలైంది. ఆమె తెచ్చిన ఇంగ్లిష్ సంపుటాన్ని ఆయన తెలుగు పుస్తకంలాగే ఎడమవైపు నుంచి తెరిచారు. మీరు తప్పు వైపు నుంచి చదువుతున్నారు అనే అర్థం వచ్చే హెచ్చరిక అక్కడే అచ్చై ఉంది. మాంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. "మొదటి పేజీలోనే నన్ను ముద్దాయిని చేసింది నీ పుస్తకం," అన్నారాయన.

ఆయన మొదటి అభ్యంతరం ఊరి లోంచే వచ్చింది. "ఈ ఊరికి జనం సంచుల్లో నోటుపుస్తకాలు మోసుకొస్తారు. శ్రీరామ అని కోటిసార్లు రాసి స్వామికి అప్పజెప్పడానికి. పేరు రాస్తే పుణ్యమనే చోటికి, పేరు రాస్తే పీనుగ అనే కథ తెచ్చావు."

"రెండు పుస్తకాల్లోనూ నమ్మకం ఒకటే కదా మామయ్యా, పేరుకు బలముందని. మన యముడి దగ్గర మాత్రం పుస్తకం లేదా?"

"ఉంది. కానీ చిత్రగుప్తుడి చిట్టాలో పేరు ఒక్కటే ఉండదు, పేరు పక్కన చేసిన పని ఉంటుంది. ఆ చిట్టా చదివాకే యముడు నోరు విప్పుతాడు. దీంట్లో నేరం రాసే కాలమ్ ఏదీ?"

ఈ ప్రశ్న కథ ఆయువుపట్టుకే తగిలింది. అధ్యాయాల మధ్య నోటుపుస్తకం నిబంధనలు శాసనంలా అచ్చవుతూ వస్తాయి. రాసేవాడి ఆయుష్షు, చిరిగిన కాగితం, చేతులు మారిన పుస్తకం, ఇలా అన్నిటికీ నిబంధన ఉంది. చచ్చేవాడు తప్పు చేసి ఉండాలన్న నిబంధన మాత్రం ఒక్కటీ లేదు. అందుకే హంతకుల పేర్లతో మొదలైన పుస్తకంలో, కొద్ది వారాలకే, కిరాను వెంటాడటానికి వచ్చిన 12 మంది ఎఫ్‌బీఐ ఏజెంట్ల పేర్లు ఎక్కుతాయి. వాళ్లు చేసిన నేరం తమ డ్యూటీ తాము చేయడమే. పుస్తకం ఇద్దరినీ ఒకేలా తీసుకుంటుంది.

"అయితే భస్మాసురుడి కథే," అని తేల్చారు మేనమామ. "వరం దొరికింది, ఎవడి నెత్తిన చెయ్యి పెడితే వాడు బూడిద. చివరికి తన నెత్తిన తనే."

మేనకోడలు ఒప్పుకోలేదు. "భస్మాసురుడు నెత్తిన చెయ్యి పెట్టాలంటే ఎదురుగా రావాలి మామయ్యా. వాణ్ని చూసి పరిగెత్తొచ్చు. వీడు గది గడియ పెట్టుకుని హోంవర్కు చేస్తున్నట్టు చంపుతాడు. కింద వంటింట్లో వాళ్లమ్మ అన్నానికి పిలుస్తుంటుంది."

ఆయన రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. భద్రాచలం ఏజెన్సీ ఊళ్లలో చేతబడి అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులు కొత్త కాదు. ఇంట్లో వరసగా జ్వరాలు, ఒక చావు, పక్కింటి ముసలాయన మీద చూపు, ఒక రాత్రి గొడ్డలి. అలాంటి ఫైళ్లకు పేజీ నంబర్లు వేసిన చెయ్యి ఆయనది. "దూరాన కూర్చుని మనిషిని చంపొచ్చు అన్న మాట నీకు కథ. ఇక్కడ ఆ మాట నమ్మి జైలుకు పోయినవాళ్లున్నారు," అన్నారు.

ఈ పేచీ తెలుగులో పాతదే. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' చిన్నపిల్ల మీద కాష్మోరా ప్రయోగం కథతో పాఠకులను వారం వారం నిద్రపోనివ్వకుండా చేసినప్పుడు, అది మూఢనమ్మకాలకు ఎరువేస్తోందని రంగనాయకమ్మ ఏకంగా పుస్తకమే రాశారు. ఆ పుస్తకం పేరు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము'. పేరులోనే తీర్పు ఉంది. చైనాలోనూ పిల్లలు నల్ల అట్టల నోటుపుస్తకాల్లో టీచర్ల పేర్లు రాస్తున్నారని 2005లో షెన్‌యాంగ్ నగరంలో 'డెత్ నోట్'ను బళ్లలో నిషేధించారు. 2015లో ఆ దేశ సాంస్కృతిక శాఖ 38 యానిమే, మాంగాల మీద వేటు వేసినప్పుడు ఆ జాబితాలోనూ ఇది ఉంది.

మేనకోడలి జవాబు ఇది: "చేతబడి కథలో భయమంతా మంత్రం మీదే ఉంటుంది. దీంట్లో మంత్రం మొదటి భాగంలోనే చేతికొచ్చేసి, మామూలు వస్తువైపోతుంది. ఇక మిగిలిందంతా బుర్రకు బుర్రకు పోటీ. మంత్రగాణ్ని ఎలా పట్టుకోవాలో సాక్ష్యంతో, తర్కంతో చూపించే కథ చదివినవాడు, అనుమానం మీద గొడ్డలి తీస్తాడా?" ఇది పూర్తి జవాబు కాదు. చదివే అందరూ ఆమెలా చదవరు. అయినా కథ బలం ఎక్కడుందో ఆమె సరిగ్గానే పట్టుకుంది.

ఆ బలం తెలియాలంటే కాంతో ప్రసారం చూడాలి. ప్రపంచమంతా చూస్తున్నదని చెప్పి టీవీలో ఒక మనిషి కనబడతాడు. తనే ఎల్ అంటాడు, కిరాను దుర్మార్గుడంటాడు. లైట్ కోపంతో పేరు రాస్తాడు, తెర మీద మనిషి కూలిపోతాడు. అప్పుడు అసలైన ఎల్ గొంతు వినబడుతుంది. చనిపోయినవాడు ఉరిశిక్ష పడిన ఖైదీ. ప్రసారం ప్రపంచమంతటా కాదు, టోక్యో ఉన్న కాంతో ప్రాంతంలో మాత్రమే జరిగింది. అంటే కిరా అక్కడే ఉన్నాడు. చంపడానికి ముఖమూ పేరూ రెండూ కావాలి, ఎందుకంటే తెర మీద ముఖం లేని ఎల్‌ను చంపలేకపోయాడు. ఒక్క చావు నుంచి మూడు నాలుగు నిజాలు రాబట్టిన ఈ అల్లిక గొప్ప డిటెక్టివ్ కథల సరసన నిలుస్తుంది.

మేనమామ మాత్రం మెచ్చుకోలుకు ముందే సెక్షన్లు తీశారు. "ఉరిశిక్ష పడిన ఖైదీ అయినా, వాణ్ని ఎరగా కట్టి చంపించడం ఏ చట్టంలో ఉంది? నీ డిటెక్టివ్ కూడా ముద్దాయే." తర్వాత ఎల్ ఆ కుర్రాణ్ని, మీసా అనే అమ్మాయిని 50 రోజులకు పైగా కట్టి బంధిస్తాడని ఆమె చెప్పగానే ఆయన చెయ్యెత్తి ఆపారు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని మన రాజ్యాంగం 22వ అధికరణ చెబుతుంది. "వాడు కిరా, వీడు కిరాకు తమ్ముడు," అన్నారు. చాలామంది అభిమానులు ఎల్‌ను ధర్మం వైపు నిలబెడతారు. కోర్టు మనిషి కళ్లకు అలా కనబడలేదు, నిజానికి రచయిత కూడా అలా నిలబెట్టలేదు. ఇద్దరూ గెలవడానికే ఆడతారు.

పనితనం మెచ్చుకోవాల్సిన చోట ఆయనా మెచ్చుకున్నారు. యానిమే ఎనిమిదో భాగంలో లైట్ గదిలో 64 కెమెరాలు పెడతారు. అతను బల్ల దగ్గర కూర్చుని కుడిచేత్తో లెక్కలు చేస్తూ ఎడమచేత్తో చిప్స్ తింటుంటాడు. చిప్స్ ప్యాకెట్ లోపల చిన్న టీవీ, ఒక నోటుపుస్తకం ముక్క. వార్తల్లో కనబడిన పేరు రాయడం, చిప్ నోట్లో వేసుకోవడం ఒకే ఊపులో జరిగిపోతాయి. దానికి దర్శకుడు మహాయుద్ధానికి పెట్టేంత సంగీతం పెట్టాడు. నవ్వొస్తుంది, నవ్వొచ్చినందుకు సిగ్గూ వేస్తుంది.

దీనికి పూర్తి ఎదురుగా ఉండేది మిసోరా నవోమి సన్నివేశం. చనిపోయిన ఆ 12 మంది ఏజెంట్లలో ఒకరికి కాబోయే భార్య, తనూ ఒకప్పటి ఎఫ్‌బీఐ ఏజెంటు, చలికాలం వీధిలో లైట్‌తో కలిసి నడుస్తుంటుంది. తను కనిపెట్టినదాన్ని అతనికే చెబుతుంది. అతను పేరు అడుగుతాడు, ఆమె చెబుతుంది, చాటుగా రాసుకుంటాడు. గడియారం వంక చూస్తాడు. 40 సెకన్లు గడుస్తాయి, ఏమీ కాదు. ఆమె చెప్పింది మారుపేరు. లైట్ మాటల్లో తేనె పెంచి అసలు పేరున్న లైసెన్సు చూపించేదాకా తెచ్చుకుంటాడు. రాశాక, ఇక వినిపించినా ఫర్వాలేదని, తనే కిరానని ఆమెతో చెబుతాడు. ఆమె మారుమాట లేకుండా వెనుదిరిగి నడుస్తుంది. రక్తం చుక్క కనబడదు. ఆమెకు నిజం తెలిసింది, కానీ ఆ నిజంతో పనిలేని మనిషైపోయింది.

ఇది చూసి మేనమామ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన చెప్పింది కలం సంగతి. మన దేశంలో జడ్జి ఉరిశిక్ష తీర్పు మీద సంతకం చేశాక ఆ కలం పాళీ విరిచేసే అలవాటుంది. ఏ చట్టమూ అలా చెయ్యమని చెప్పదు. ఒక మనిషి ప్రాణం తీసిన కలం ఇంకో పనికి వాడకూడదన్న సంకోచం అది. సెషన్సు కోర్టు ఉరి వేస్తే సరిపోదు, హైకోర్టు దాన్ని ఖాయం చెయ్యాలి; 2024 వరకు అమల్లో ఉన్న నేర ప్రక్రియా స్మృతిలో అది 366వ సెక్షన్. ఆపైన సుప్రీంకోర్టు, ఆపైన రాష్ట్రపతి క్షమాభిక్ష. 1980 నాటి బచన్ సింగ్ తీర్పు తర్వాత అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసుకే ఉరి. "జనం దీన్ని ఆలస్యం అంటారు. ప్రతి మెట్టు దగ్గరా ఒకడు తన పేరు పెట్టి సంతకం చెయ్యాలి తల్లీ. తప్పైతే వాడి పేరు అక్కడ ఉంటుంది. నీ వాడు వేలమందిని చంపి ఒక్క సంతకం పెట్టలేదు."

"ఆలస్యం మీద విసుగు పుట్టబట్టే కదా కిరాకు జనం దండాలు పెట్టింది," అందామె. "మనవాళ్లు పెట్టలేదా?"

ఆమె అన్నది 2019 సంగతి. శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన తొమ్మిది రోజులకు, డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వద్ద నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పొద్దెక్కేసరికి అక్కడ జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. ఆత్మరక్షణ కోసం కాల్చామన్న మాట నమ్మదగ్గది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. కిరాకు జేజేలు కొట్టే గుంపును ఓబా ఊహించింది అంతకు చాలా ఏళ్ల ముందే. ఆ గుంపు ముఖాలు తెలుగువాళ్లకు కొత్తగా ఉండవు.

"నేనూ ఆరోజు మంచిపనైందనే అనుకున్నా," అన్నారు మేనమామ, బెంచి క్లర్కుగా పనిచేసిన మనిషి. అభ్యంతరాల జాబితాలో ఆయన అక్కడ కొంచెం తగ్గారు.

సంతకం మాట వచ్చింది కాబట్టి అడవి అంచు మాటా రావాలి. భద్రాచలం దాటితే ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అటు దుమ్ముగూడెం, చర్ల మీదుగా పోతే ఛత్తీస్‌గఢ్ అడవులు. ఇక్కడ పేరు రాసి ఉన్న కాగితానికి ఎప్పటినుంచో భయపడతారు. తలకు వెల కట్టిన పోలీసు పోస్టరు ఒకవైపు, ఇన్‌ఫార్మరని శవం పక్కన మావోయిస్టులు వదిలిన ఉత్తరం మరోవైపు. అడవిలో చేరినవాడు ముందు వదిలేది కన్నవాళ్లు పెట్టిన పేరు. ఉత్తరం కింద ఉండేది దళం పేరో మారుపేరో. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లొదిలి పాత ఖమ్మం జిల్లా అడవుల్లోకి వలస వచ్చిన గొత్తికోయ గిరిజనులు, ఈ రెండు కాగితాల మధ్య నలిగినవాళ్లే. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. అసలు పేరు తెలిస్తే ప్రాణం పోతుందనేది 'డెత్ నోట్'లో ఆట నిబంధన. ఈ ప్రాంతంలో అది బతుకు నిబంధన.

మేనమామ దీనికి అల్లూరి సీతారామరాజును తెచ్చి పోటీ పెట్టారు. "ఆయనా చట్టాన్ని ఎదిరించాడు. కానీ వస్తున్నానని ముందు కబురు పంపాడు." జనం దాన్ని మిరపకాయ టపా అంటారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు తీసుకున్నదీ స్టేషన్ డైరీలో రాసి కింద సంతకం పెట్టాడు. "పోలీసు పుస్తకంలో తన పేరు తనే రాసుకున్నాడు అమ్మాయ్. నీ లైట్ ఎదుటివాళ్ల పేర్లే రాస్తాడు."

మేనకోడలి దగ్గర దీనికి ఒక చురుకైన ఎదురుదెబ్బ ఉంది. ఓబా త్సుగుమి అన్నదీ కలం పేరే. అసలు మనిషి ఎవరో ప్రచురణకర్తలు ఇప్పటిదాకా చెప్పలేదు. లైట్ పేరు కూడా అలాంటిదే. చంద్రుడు అనే అర్థమున్న అక్షరం రాసి 'లైట్' అని చదువుతారు. "పేరు దాచుకున్న మనిషి, పేరు దాచుకునేవాళ్ల కథ రాశాడు. అంతకంటే నిజాయితీ ఏముంటుంది మామయ్యా?" అందామె. ఆయన నవ్వి, కోర్టులో దాన్ని అలియాస్ అంటామన్నారు.

ఎల్ చనిపోయాక కథ సడలుతుంది. వారసులుగా వచ్చే నియర్, మెల్లో ఎల్ ఖాళీ చేసిన కుర్చీని నింపలేరు, నిబంధనల మీద నిబంధనలు పేరుకుంటాయి. మీసా మొదలుకొని ఆడవాళ్లెవరికీ సొంత బుర్ర మిగల్చకపోవడం అంతకంటే పెద్ద లోపం. తెలివైన నవోమిని ఎందుకంత త్వరగా పంపేశారన్న మేనకోడలి ఫిర్యాదుకు జవాబు లేదు.

అయినా ఆ సడలిన భాగంలోనే మేనమామ మనసు విరిగిన చోటు ఉంది. లైట్ తండ్రి సోయిచిరో, ఈ కథలో చట్టాన్ని గౌరవించే ఒకే ఒక్క పెద్దమనిషి. కొడుకు మీద అనుమానం వస్తే తనూ జైలు గదిలో కూర్చున్న తండ్రి. మిగిలిన ఆయుష్షులో సగం ఇచ్చి, ముఖం చూస్తే పేరు తెలిసే షినిగామి కళ్లు తీసుకుంటాడు. తీరా మెల్లో ఎదురుపడ్డాక పేరు కనబడినా చెయ్యి ఆడదు, రాయలేడు. తూటాలు తగిలి మంచం మీద పడి ఉన్నప్పుడు, ఆ కళ్లతోనే కొడుకు తల మీద ఆయుష్షు అంకెలు చూస్తాడు. నోటుపుస్తకం సొంతదారు తల మీద ఆ అంకెలు కనబడవు. కాబట్టి కొడుకు కిరా కాదని తేలిపోయిందనుకుని తృప్తిగా కళ్లు మూస్తాడు. పుస్తకం ఆ సమయానికి వేరేవాళ్ల పేర ఉంది, అంతే. తండ్రి ప్రాణం పోతుంటే లైట్ అడుగుతున్నది మాత్రం, మెల్లో పేరు రాసిపొమ్మని. "సాక్ష్యం ఉంది, సాక్షి అబద్ధమాడలేదు, అయినా తీర్పు తప్పు," అన్నారు మేనమామ. "ఇలాంటి కేసులు నేను చూశాను."

యానిమే 25వ భాగంలో మాంగాలో లేని సన్నివేశం ఒకటుంది. వానలో తడిసొచ్చాక మెట్ల మీద ఎల్ కూర్చుని లైట్ పాదాలు తువ్వాలుతో తుడుస్తాడు. ఎల్ జుట్టు నుంచి కారే నీళ్లను లైట్ ఇంకో తువ్వాలుతో అద్దుతాడు. కాసేపటికే చనిపోబోయేవాడు, చంపించబోయేవాడి కాళ్లు తుడుస్తున్నాడు. ఏటా సీతారాముల కల్యాణం చూసే ఊళ్లో పెళ్లికొడుకు కాళ్లు కడగడం అంటే కన్నకూతుర్ని చేతిలో పెట్టడం. మేనమామకు ఆ సన్నివేశం అందుకే నచ్చలేదు, మేనకోడలికి అందుకే నచ్చింది.

ముగింపు దగ్గరా ఇద్దరూ కలవలేదు. యానిమేలో గాయపడిన లైట్ సాయంత్రపు ఎండలో పరిగెత్తి, మెట్ల మీద వాలి, ప్రశాంతంగా పోతాడు. మేనకోడలికి అదే ఇష్టం. మాంగాలో అంత మర్యాద లేదు. గిడ్డంగిలో నేల మీద పాకుతూ, చావనని ఏడుస్తూ, ర్యూక్ కాళ్లు పట్టుకోబోతే, ర్యూక్ తాపీగా అతని పేరు రాసేస్తాడు. ఏడాది తర్వాత ఒక కొండ మీదికి జనం కొవ్వొత్తులతో బారులు తీరి ఎక్కుతారు. ఒక అమ్మాయి చేతులు జోడించి కిరాను మొక్కుతుంది. కథ అక్కడ ఆగిపోతుంది.

యాత్రికుల ఊళ్లో ఉండే మేనమామ ఈ రెండోదే చదవాలనుకున్నారు. తర్వాతి సెలవులకు ఆమె పన్నెండో సంపుటం తెచ్చింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఈసారి తెలిసే, దాన్ని ఎడమవైపు నుంచి తెరిచారు.